వత్సవాయి గ్రహం మీద మొదటి వంతు

మా అత్తగారు ఆ ఆదివారం ఏలీయా షాపు మెట్లెక్కి పైకి రాకపోయి ఉంటే నా ఆట అక్కడితో ముగిసిపోయేది. ఆవిడ వచ్చింది కూడా నా ఆట ముగించడానికేననుకోండి. అది వేరే సంగతి.

ముందు నా గోడు వినండి. నా పేరు కృపాజ్యోతి. ఉండేది జగ్గయ్యపేటలో, లెక్కలు చెప్పేది నందిగామలో ఒక హైస్కూల్లో. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో భిన్నాలు. ఎనిమిదో తరగతికి ఒక్క వారం భిన్నాలు చెప్పి చూడండి, నా గోడు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది. ఆదివారం పొద్దున చర్చి, రాగానే వంట. ఇక మిగిలింది మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా. వారం మొత్తం మీద నావి అని చెప్పుకోగలిగినవి ఆ నాలుగు గంటలే. ఆ నాలుగు గంటలూ నేను యుద్ధం చేస్తాను.

నవ్వకండి. ఇది బల్ల మీద ఆడే అంతరిక్ష యుద్ధం. పన్నెండు గ్రహాలు, నలుగురు సేనాధిపతులు. ఒక్క రోజులో తేలే ఆట కాదు. వారానికి ఒక రౌండు చొప్పున ఏడాది పొడుగునా సాగుతుంది. దానికి మేం పెట్టుకున్న పేరు దండయాత్ర. ఏలీయాకి మోటార్లు రివైండింగ్ చేసే షాపు ఉంది. దాని మీద గదిలో రెండు ప్లైవుడ్ చెక్కలు కలిపి వేసుకున్నాం. డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్ ఓడల్లో సగం మొదటి నెలలోనే విరిగాయి. ఏలీయా కాలిపోయిన మోటార్లలోంచి తీసిన రాగి తీగ వంచి కొత్త ఓడలు చేశాడు. నిజం చెప్పాలంటే కొనుక్కున్నవాటి కంటే ఇవే బావున్నాయి.

ఆట తెచ్చింది నవీన్‌బాబు. పురుగుమందుల షాపు ఉంది, వత్సవాయిలో వాళ్ళ నాన్నకి పొలాలున్నాయి. కుర్రాడు మంచివాడే గానీ, ఆటలో మాత్రం మహా జిత్తులమారి. నాలుగో మనిషి వెంకటరత్నం గారు. నలభై ఏళ్ళు రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసి, కళ్ళు మసకబారాక మానేశారు. ఇంగ్లీషు రూల్ బుక్కుని పొడుగు నోటుబుక్కులోకి తెలుగులో దింపింది ఆయనే. "యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని మొదలవుతుంది మా రూల్ బుక్కు.

గ్రహాల ఇంగ్లీషు పేర్లు ఎవరి నోటా తిరగక మా ఊళ్ళ పేర్లే పెట్టేసుకున్నాం. నా సొంత గ్రహం వేదాద్రి. "టీచర్ గారి ఓడలు పెనుగంచిప్రోలు మీద దిగాయి" అంటే మాకు మామూలే. కింద షాపులో మోటారు కోసం కూర్చున్న రైతులు ఆ మాట విని ఒకసారి పోలీసులకి చెబుదామా అనుకున్నారట.

రూలు ఒక్కటి చెప్పాలి, ఈ కథంతా దాని మీదే ఉంది. ఎవరికి తక్కువ గ్రహాలుంటే వాళ్ళు ముందు ఆడాలి. ఆ తర్వాత పై లెక్కవాళ్ళు. ఎక్కువున్నవాడు చిట్టచివర. ఇంకో రూలు కూడా ఉంది. సొంత గ్రహం పోతే మనిషి ఆటలోంచి అవుట్. మళ్ళీ ఏడాది కొత్త దండయాత్ర మొదలయ్యేదాకా రానక్కర్లేదు.

ఆ రెండో రూలే మా అత్తగారి చెవిన పడింది. ఆవిడ సండే స్కూలు నడుపుతుంది, సరిగ్గా ఆదివారం రెండింటికే. డెబ్భై దగ్గరపడింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఆ బడి నాకు అప్పజెప్పాలని రెండేళ్ళుగా చూస్తోంది. ఒకరోజు భోజనాల దగ్గర పట్టుకుంది.

"ఆ ఆటలో నువ్వు ఓడిపోతే మళ్ళీ రానివ్వరంటగా?"

"ఏడాది దాకా రానివ్వరు అత్తయ్యా."

"అయితే ఓడిపోయిన వారం నుంచి బడి నీదే. మాటివ్వు."

పౌరుషం కొద్దీ ఇచ్చేశాను. మా ఆయన బెన్ని సాక్షి. నేను ఓడిపోతానా అనుకున్నాను చూడండి, అదీ నా తెలివి. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం నేను ఇంటికి రాగానే ఆవిడ అడిగే మొదటి మాట, "వేదాద్రి ఉందా, పోయిందా?"

పిల్లలంటే నాకు ప్రేమ లేక కాదు. ఆరు రోజులు పిల్లలు, ఏడో రోజూ పిల్లలైతే, నేను ఎప్పుడు పిల్లనవుతాను చెప్పండి?

ఇక ఆ ఆదివారం. శ్రావణమాసం, బయట జల్లు. వెంకటరత్నం గారికి ఒక్క గ్రహం, నాకు రెండు, ఏలీయాకి నాలుగు, నవీన్‌బాబుకి ఐదు. వంతు కూడా ఆ వరసలోనే. వెంకటరత్నం గారు కళ్ళజోడు సర్దుకుని నవీన్‌బాబు దగ్గర ఒక గ్రహం లాగేసుకున్నారు. తర్వాత నేను. పెనుగంచిప్రోలులో నవీన్‌బాబుకి ఒక్కటంటే ఒక్క ఓడే ఉంది. ఇంత బంగారంలాంటి గ్రహం అలా వదిలేశాడేమిటా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను. ఉన్న ఓడలన్నీ తీసుకుని వెళ్ళి దిగిపోయాను. పెనుగంచిప్రోలు నాదైంది. వేదాద్రి ఖాళీ అయింది.

ఖాళీ అయితేనేం, నా తర్వాత వంతు ఏలీయాది. "అక్కా, నీ ఇంటికి నేను కాపలా పెడతా, నువ్వు వెళ్ళు" అని ముందే చెప్పాడు. రెండు ఓడలు కాపలా ఉన్న గ్రహం మీద దిగాలంటే నాలుగు ఓడలుండాలి. నవీన్‌బాబు దగ్గర ఉన్నవి మూడే. అంతా లెక్క ప్రకారమే చేశాను.

ఏలీయా ఓడ మీద చెయ్యి వేశాడో లేదో, నవీన్‌బాబు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆగన్నా. వంతు నాది."

"నీదెలా అవుద్ది? నువ్వు చివర" అన్నాడు ఏలీయా.

"ఐదున్నప్పుడు చివర. వీళ్ళిద్దరూ కలిసి రెండు ఊడగొట్టారుగా, ఇప్పుడు నాకు మూడు. నీకు నాలుగు. తక్కువున్నోడు ముందు. రూలంతేగా?"

అతని మూడు ఓడలూ వేదాద్రి పక్కనే ఉన్నాయి. ఖాళీ గ్రహానికి ఒక్క ఓడ చాలు.

"ఏం మాట్లాడుతున్నావ్ నవీన్! లెక్క రౌండు మొదట్లో చూస్తాం. మధ్యలో చూడ్డమేంటి? తరగతి మధ్యలో హాజరు మళ్ళీ వేస్తానా నేను?" అని లేచాను.

"రూల్ బుక్కులో లెక్క ఎప్పుడు చూడాలో రాయలేదు టీచర్ గారూ. ఒకసారే చూడాలని ఎక్కడుంది? చూపించండి."

లేదు. నిజంగానే లేదు. మేమందరం ఆ పేజీ అటూ ఇటూ తిప్పాం. ఆ పుస్తకం అచ్చేసిన మహానుభావుడు ఓడ బరువెంతో రాశాడు, రంగేమిటో రాశాడు, ఈ ముక్క మాత్రం రాయలేదు.

అప్పుడు వెంకటరత్నం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారంటే ఎవరి కొంపో మునిగిందన్నమాటే.

"అమ్మా, దీని మీద పూర్వం ఒక తీర్మానం ఉంది" అని పొడుగు నోటుబుక్కు వెనక పేజీలు తీశారు. "ఉగాది తర్వాతి ఆదివారం. 'కృపాజ్యోతి గారి వాదన మేరకు, ప్రతి ఒక్కరి ఆట ముగియగానే గ్రహముల లెక్క తిరిగి చూడవలెననిన్నీ, మిగిలినవారిలో తక్కువ గలవారికి వంతు ఇవ్వవలెననిన్నీ అందరమూ సమ్మతించడమైనది.' కింద మీ సంతకం."

ఇలాంటి సమయంలో భూమి చీలదు, అదేమిటో.

నిజమే. ఉగాదికి నేనే వాదించాను. అరిచి, బల్ల గుద్ది, బోర్డు మీద లెక్క వేసి మరీ ఒప్పించాను. ఆ రోజు అలా ముందుకొచ్చి నవీన్‌బాబు దగ్గర వత్సవాయి గ్రహం లాక్కున్నాను. ఇప్పుడు నా సంతకమే నా నెత్తిన కూర్చుంది. నవీన్‌బాబు నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడుతున్నాడు.

"అప్పుడు వేరు!" అన్నాను.

"ఏం వేరండీ?"

ఏం వేరో నాకూ తెలియలేదు. అందుకని ఇంకా గట్టిగా అరిచాను. ఏలీయా నా తరఫున అరిచాడు. కింద షాపులో మోటార్ల మోత కూడా మా ముందు తీసికట్టయింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆ వెనకే మా అత్తగారు. చేతిలో గొడుగు, చంకలో బైబిలు సంచి.

"పిల్లలు వానకి రాలేదు, బడి వదిలేశా. ఏంటి, కేకలు గాంధీబొమ్మ దాకా వినపడతన్నయ్? వేదాద్రి పోయిందా?" అంది. ఆ కళ్ళలో మెరుపు నేను చూడలేదనుకుంది పాపం.

"పోబోతోంది" అన్నాడు నవీన్‌బాబు. అని, ఏమనుకున్నాడో, లేచి కుర్చీ వేశాడు. "లూర్దమ్మ గారూ, మీరు కూర్చోండి. ఈ తగువు మీరే తీర్చాలి. మీరేం చెప్తే నేనది వింటా."

అతను ఊరికే అనలేదు. మా అత్తగారి గురించి మీకో మాట చెప్పాలి. మా మామగారు సాగరు కాలవ మీద లస్కరు. అంటే తూములు తీసి మూసి, రైతులకి వంతుల ప్రకారం నీళ్ళు వదిలే మనిషి. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోతే ఆ పని ఈవిడకిచ్చారు. పంతొమ్మిదేళ్ళు వత్సవాయి పొలాలకి నీళ్ళ తాళంచెవి ఆవిడ కొంగునే ఉంది. ఆడమనిషి ఏం చేస్తుందిలే అనుకున్నవాళ్ళకి ఆవిడేం చేస్తుందో తెలిసొచ్చింది. ఒక ఏడు నవీన్‌బాబు వాళ్ళ నాన్న వంతు కాకుండా తూము తియ్యమంటే, షట్టరు మీద ఎక్కి కూర్చుని పగలంతా దిగలేదట.

"మా నాన్న మాట చెల్లకపోవడం నేను చూసింది ఆ ఒక్కరోజే" అన్నాడు నవీన్‌బాబు ఏలీయాతో.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. న్యాయం చెప్పేదెవరు? నేను ఓడిపోతే బడి అప్పజెప్పి మోకాళ్ళకి విశ్రాంతి ఇచ్చుకుందామని చూస్తున్న మనిషి! ఆ సంగతి ఈ గదిలో అందరికీ తెలుసు. నవీన్‌బాబుకి ఇంకా బాగా తెలుసు. అందుకే కుర్చీ వేశాడు. కాదంటే నా అత్తగారినే నమ్మలేదని పేరొస్తుంది. నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆవిడ అంతా వింది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. ఎవరి ఓడలేవో అడిగింది. ఉగాది తీర్మానం రెండుసార్లు చదివించుకుంది. తర్వాత నవీన్‌బాబు వైపు తిరిగింది.

"పెనుగంచిప్రోలులో ఒక్క ఓడే పెట్టావేం బాబూ?"

"అంటే... ఊరికే అండి."

"ఊరికే అంత ఊరు వదిలేస్తావా? నువ్వు మీ నాన్న కొడుకువి."

నవీన్‌బాబు తల గోక్కున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. పోగొట్టుకోవాలనే పోగొట్టుకున్నాడు! ఐదు మూడైతే వంతు ముందుకొస్తుందని, నన్ను ఎర వేసి వేదాద్రి ఖాళీ చేయించాడు.

"కాలవలో నీళ్ళు రాకముందే ఎవరి వంతు ఎప్పుడో తూము గోడ మీద సున్నంతో రాసేసేదాన్ని" అంది మా అత్తగారు. "చివరి చేను నుంచి మొదలెట్టి పైకి. నీళ్ళు పారటం మొదలయినాక చెరపటం లేదు, మార్చటం లేదు. పారేటప్పుడు ఎవరి చేను ఎండిందో చూసి వంతు మారిస్తే ఏమవుద్దో తెలుసా? ప్రతోడూ తన చేను తనే ఎండబెట్టుకుని నా ముందుకొస్తాడు. ఇప్పుడు నువ్వు చేసింది అదే. వంతు ముందు రాసిందే. మొదట చూసిన లెక్కే లెక్క. ఏలీయా, నీ ఓడలు తియ్యి."

ఏలీయా రెండు ఓడలు తీసి వేదాద్రి మీద పెట్టాడు.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నిజంగానే వచ్చింది. తన మోకాళ్ళ నొప్పి తనకుంది, నోటిదాకా వచ్చిన గెలుపు ఉంది. ఒక్క మాట అటు చెబితే చాలు. చెప్పలేదు. "అత్తయ్యా..." అని ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను.

"ఆగు, నీ సంగతి ఇంకా ఉంది" అంది ఆవిడ. "ఉగాదికి నువ్వేం చేశావ్?"

"నేనా?"

"ఈ వత్సవాయి ఎట్టా వచ్చింది నీకు? అప్పుడు నీ చేను నువ్వే ఎండబెట్టుకున్నావా, లేదా?"

లెక్కల టీచర్ని కదా, అబద్ధం చెబితే మొహంలో కనపడిపోతుంది. ఎండబెట్టుకున్నాను. ఆ రోజు కావాలనే ఒక చిన్న గ్రహం వదిలేసి ముందుకొచ్చాను. అది నేను తప్ప ఎవరూ కనిపెట్టలేదని ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోయాను కూడా.

"వంతు కాని వంతులో తీసుకుంది నిలవదు. ఇచ్చెయ్యి" అంది.

వత్సవాయి మీది నా జెండా పీకి బల్ల మధ్యలో పెట్టాను. నవీన్‌బాబు "ఇదీ న్యాయమంటే!" అని పొంగిపోతూ చెయ్యి చాపాడు. చాపినవాడు మధ్యలోనే ఆగాడు. ఎందుకంటే మా అత్తగారు ఆ గ్రహం మీదకి వంగి చూస్తోంది. ఏలీయా పాతబడ్డ బేరింగు గిన్నెకి ఆకుపచ్చ రంగు వేసి చేసిన గ్రహం అది. చుట్టూ నీలం గీత.

"ఈ నీలం ఏంటి?"

"కాలవ" అన్నాడు ఏలీయా. "వత్సవాయి కదా పిన్నీ, కాలవ లేకపోతే ఎట్టా అని గీశా."

ఆవిడ ఆ గీత మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పింది. "పంతొమ్మిదేళ్ళు" అంది, నవ్వుతూనే. "ఊరందరికీ వంతు రాశా. గోడ మీద నా పేరు మాత్రం ఒక్కసారీ రాయలా. ఎట్టా రాస్తా? సెంటు చేను లేదుగా నాకు."

ఇంట్లో ఇన్నేళ్ళున్నాను, ఈ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

నవీన్‌బాబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎటో చూస్తూ, "నాకొద్దండి వత్సవాయి. ఈవిడకి ఇచ్చేద్దాం" అన్నాడు. "ఐదో సేనాధిపతిగా. ఆడతారా లూర్దమ్మ గారూ?"

"ఛ! నేనేంటి, యుద్ధాలేంటి" అంది. గ్రహం మాత్రం చేతిలోంచి కింద పెట్టలేదు.

వెంకటరత్నం గారు అప్పటికే కొత్త పేజీ తీశారు. నలభై ఏళ్ళ అలవాటు ఒక్కసారి లేచి కూర్చుంది. "వత్సవాయి అనెడి గ్రహము ఒకటి, అందలి కాలువ సహా, సర్వహక్కులతో శ్రీమతి లూర్దమ్మ గారికి దఖలు పరచడమైనది. హద్దులు. తూర్పు, కృపాజ్యోతి గారి వేదాద్రి. పడమర, శూన్యము. ఉత్తరం, శూన్యము. దక్షిణం, శూన్యము." చదువుతుంటే ఏలీయా నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాడు. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ప్రతి అక్షరం చూసుకుని సంతకం పెట్టింది.

ఇంటికి వెళ్ళే దారిలో ఇద్దరం ఒకే గొడుగు కింద నడిచాం. "నీ మీద ప్రేమతో చెప్పాననుకునేవు. వంతు వంతే, అంతే" అంది.

"తెలుసు అత్తయ్యా" అన్నాను. అందుకే ఆవిడ మీద నా ప్రేమ రెండింతలైందని మాత్రం చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

ఇప్పుడు సండే స్కూలు ఆదివారం పొద్దున, ఆరాధన అవ్వగానే. మార్చింది ఆవిడే, రెండింటికి తనకి పని ఉందట. పాటలు ఆవిడ నేర్పుతుంది, కథలు నేను చెబుతాను. గంటలో అయిపోతుంది. ఓడిపోకుండానే బడికి ఎందుకు ఒప్పుకున్నావని బెన్ని అడుగుతున్నాడు. మోకాళ్ళ నొప్పులన్నాను.

మరుసటి ఆదివారం రెండు కాకుండానే ఆవిడ ఉతికిన చీర కట్టుకుని బల్ల ముందు కూర్చుంది. రౌండు మొదలవకముందే ఏలీయా గది గోడ మీద సుద్దముక్కతో వంతులు రాశాడు. ఇప్పుడదే రూలు. నవీన్‌బాబుకి మూడు, ఏలీయాకి నాలుగు, నాకు రెండు, వెంకటరత్నం గారికి రెండు. లూర్దమ్మ గారికి ఒకటి. అందరికన్నా తక్కువ. గోడ మీద అన్నిటికంటే పైన ఆవిడ పేరు.

ఆవిడ ఆ గోడ వైపు చాలాసేపు చూసింది. మేమెవరం తొందరపెట్టలేదు. నవీన్‌బాబు కూడా టీ ముట్టుకోలేదు.

"మీ వంతే అత్తయ్యా" అన్నాను.

"తెలుసులే, కనపడతంది" అని, ఏలీయా ఆవిడ కోసమే చేసిన రెండు రాగి ఓడలూ తీసుకుని, వత్సవాయి దాటించి, నెమ్మదిగా తెచ్చి సరిగ్గా నా వేదాద్రి పక్కన ఆపింది.

వేదాద్రికి చెయ్యి అడ్డం పెట్టాను. "అత్తయ్యా, ఇది కాపలాకా, దాడికా?"

గోడ మీద తన పేరు మరోసారి చూసుకుని, కుర్చీలో వెనక్కి వాలింది.

"నా వంతు అయిపోయింది. నువ్వాడు" అంది.